ఆ బెంజ్ కారు మాది కాదు



మొన్న సంక్రాంతి వెళ్లిన వారంలో మన వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో తిరిగింది. తెల్లటి పాత బెంజ్ కారు, దాని బానెట్ మీద చెయ్యి వేసి మేము. ఎవరు తీశారో, ఎవరు పెట్టారో అడగలేదు. మూడో రోజున కువైట్ నుండి ఒక సహోదరి ఫోను చేసి, "అయ్యగారూ, మందిరం స్లాబుకు పంపిన డబ్బులు అందాయా?" అని అడిగారు. డబ్బులు అంది రెండు నెలలైంది, రశీదు కూడా పంపాము. ఆమె అడిగింది స్లాబు గురించి కాదని మాకు తెలుసు, మాకు తెలుసని ఆమెకూ తెలుసు.

కాబట్టి మొదట ఒక మాట. ఆ కారు మాది కాదు. మేము ఇప్పటికీ కిక్కు కొట్టి స్టార్ట్ చేసే స్ప్లెండర్ మీదనే మీ ఇళ్లకు వస్తున్నాము. అయితే ఆ కారు దగ్గరకు ఎందుకు వెళ్లాము, అక్కడ ఏమి జరిగింది అన్నది మీకు చెప్పాలి. అందులో మా తప్పు కూడా ఒకటి ఉంది.

మన సంఘపెద్దలలో ఒకాయన విజయవాడలో ఒక డాక్టరు గారి దగ్గర పందొమ్మిదేళ్లు డ్రైవరుగా చేశారు. ఆ పెద్దాయన ఎవరో మీకు తెలుసు. ఆయన సరేనన్న తరువాతే ఇది రాస్తున్నాము. డాక్టరు గారికి ఉన్నది 1996 మోడల్ మెర్సిడెస్ బెంజ్, ఈ 250 డీజిల్. పెద్దాయన దానిని రోజూ తెల్లవారుజామున తుడిచి, స్టార్ట్ చేసి, ఆస్పత్రి మెట్ల దగ్గర నిలిపేవారు. డాక్టరు గారు పోయాక ఆ కారును ఎవరికో అమ్మేశారు. పెద్దాయన ఊరికి వచ్చేశారు. కొడుకు కువైట్ వెళ్లి ఎనిమిదేళ్లు కష్టపడి, అప్పులు తీర్చి, చెల్లెలి పెళ్లి చేసి, కాస్త కూడబెట్టాడు. సెలవు మీద వచ్చి మా ఇంటికి వచ్చాడు.

"అయ్యగారూ, అలాంటి బండే ఒకటి బెజవాడలో అమ్మకానికి ఉంది. నాలుగు లక్షల డెబ్బై ఐదు వేలు అంటున్నారు. నాన్న అన్నేళ్లూ ముందు సీట్లోనే కూర్చున్నారు. ఒక్కసారన్నా వెనక సీట్లో కూర్చోబెట్టి నేను నడపాలి. మీరు వచ్చి బండి చూడాలి" అన్నాడు.

మమ్మల్నే ఎందుకు అడిగాడంటే, సెమినరీలో చేరకముందు మేము మూడేళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెల్పరుగా పనిచేశాము. పానాలు అందించడంతో మొదలుపెట్టి, ఇంజను దించే పని వరకు వచ్చాము. మా మేస్త్రి ఒక మాట అనేవారు: "రంగు ఎవడైనా వేస్తాడు. నువ్వు రంగు లేని చోట చూడు." ఆ మాట ఇన్నేళ్లకు మళ్లీ పనికొచ్చింది.

ఆ కారు గురించి రెండు మాటలు చెప్పాలి. జర్మనీలో ఈ మోడల్‌ను 1984 చివర్లో బయటకు తెచ్చారు. కంపెనీ వాళ్లు దానిని డబ్ల్యూ 124 అంటారు. బ్రూనో సాకో అనే ఆయన డిజైన్ విభాగానికి పెద్దగా ఉన్న కాలంలో తయారైన బండి. ప్రపంచం మొత్తం మీద 25 లక్షలకు పైగా చేశారు. మన దేశంలో బెంజ్ కంపెనీ 1994లో అడుగుపెట్టి, 1995లో పూణె దగ్గర టెల్కో వారి ఆవరణలో మొట్టమొదట బిగించిన కారు ఇదే. ముందు అద్దానికి ఒక్కటే వైపరు. అది ఊగుతూనే లోపలికీ బయటికీ జరిగి, అద్దంలో 86 శాతం తుడుస్తుంది. తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు ఉంటుంది. ఆ డీజిల్ ఇంజను అయిదు సిలిండర్లది. వేళకు ఆయిలు మారుస్తుంటే లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది. ఇంత మంచి పేరు ఉన్నందువల్లే పాతవాటిని కొనేటప్పుడు మోసపోవడమూ తేలిక. పేరును నమ్మి బండిని చూడము.

వెళ్లే ముందు రోజే అబ్బాయి చేత అమ్మే ఆయనకు ఫోను చేయించి, "మేము వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని చెప్పించాము. వేడెక్కిన ఇంజను తన జబ్బులు దాచుకుంటుంది. చల్లటి ఇంజను దాచుకోలేదు.

అమ్మే ఆయన రిటైరైన ఉద్యోగి. మంచి మనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. మొదట కాగితాలు చూశాము. మన దేశంలో సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత ప్రతి 5 ఏళ్లకు ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఈ బండికి పొడిగింపు ఉంది. పాత బండి కదా, వింటేజ్ అని రాయించుకోవచ్చా అని అబ్బాయి అడిగాడు. వింటేజ్ అనాలంటే 50 ఏళ్లు దాటాలి, ఇది ఇంకా కుర్రది అని చెప్పాము. పేరు మార్పుకు 29, 30 నంబరు ఫారాలు కావాలి. బండి మీద ఎప్పుడైనా ఫైనాన్సు ఉంటే, అది తీరినట్టు 35వ నంబరు ఫారం కూడా పెట్టి ఆర్‌సీలో కొట్టేయించి ఉండాలి. అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. బానెట్ ఎత్తి, ఇంజను వెనక అడ్డుగోడ మీద కొట్టి ఉన్న ఛాసిస్ నంబరును ఆర్‌సీతో ఒక్కొక్క అక్షరం పోల్చాము. కలిసింది. ఇన్సూరెన్సు మాత్రం థర్డ్ పార్టీ ఒక్కటే.

తరువాత బాడీ. చేతిరుమాలులో చిన్న అయస్కాంతం చుట్టి తలుపుల అంచుల మీద, చక్రాల పైన ఆనించుకుంటూ వెళ్లాము. రేకు ఉన్న చోట అతుక్కుంటుంది, లప్పం మందంగా పెట్టిన చోట జారిపోతుంది. ఈ మోడల్‌కు పక్కల కింద భాగంలో ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. జాకీ పెట్టే రంధ్రాలకు ప్లాస్టిక్ మూతలుంటాయి. నీళ్లు, మట్టి ఆ వెనకాలే చేరి తుప్పు పడుతుంది. నాలుగు మూతలూ తీసి, టార్చి వేసి, స్క్రూడ్రైవరుతో నెమ్మదిగా గుచ్చి చూశాము. ఒక చోట కొంచెం పొడి రాలింది. ఇరవై ఎనిమిదేళ్ల బండికి అది పెద్ద లెక్క కాదు. రంగు కొత్తది, బాగా వేశారు.

ఇక ఇంజను. తాళం మొదటి మెట్టుకు తిప్పి, డాష్‌బోర్డు మీద చుట్ట ఆకారంలో ఉన్న పసుపు దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు స్టార్ట్ చేయాలి. చేశాము. ఒక్కసారికే అందుకుంది. వెనక పొగ చూశాము. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నట్టు, తెల్ల పొగ తగ్గకుండా వస్తూ రేడియేటర్లో నీళ్లు తరుగుతుంటే లోపలికి నీళ్లు దిగుతున్నట్టు. రెండూ లేవు. ఆయిలు మూత వదులు చేసి పైన పెట్టి చూశాము, ఎగిరి పడలేదు. తాళం ఆపగానే ఇంజను ఆగింది. ఇది చిన్న విషయం కాదు. ఈ డీజిల్ బండ్లలో ఇంజనును ఆపేది గాలి లాగే సన్నని గొట్టాల పని. ఆ గొట్టాలు చీలితే తాళం చేతికి తీసుకున్నా ఇంజను కొట్టుకుంటూనే ఉంటుంది.

ఇదంతా జరుగుతుండగా పెద్దాయన ఒక్క మాట మాట్లాడలేదు. డ్రైవరు తలుపు తీసి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కూర్చున్నారు. గేరు రాడ్డును తాకారు. అద్దం సరిచేశారు. అబ్బాయి బయట నిలబడి తండ్రినే చూస్తున్నాడు. ఆ ఫొటో ఎవరో తీసింది ఆ సమయంలోనే.

మేము వెనక సీట్లోకి ఎక్కాము. మేస్త్రి నేర్పిన పని ఒకటి మిగిలింది. సీటు బెల్టును పట్టుకుని చివరికంటా, ఇక రాదు అనేదాకా లాగాము. రోజూ వాడేటప్పుడు మనం బెల్టును సగమే లాగుతాము. మిగతా సగం స్తంభం లోపల చుట్టుకుని ఉంటుంది. బండిని ఎంత కడిగినా, సీట్లకు కొత్త కవర్లు వేసినా, ఆ లోపలి చుట్ట జోలికి ఎవరూ పోరు.

ఆ బెల్టు మీద మట్టి రంగు గీత ఉంది. చుట్ట అంచులన్నిటా ఎండిన ఒండ్రు.

మాకు వెంటనే అర్థమైంది. సీటు పట్టాల కింద చెయ్యి పెట్టి చూస్తే మరల తలలు ఎర్రగా గరుకుగా ఉన్నాయి. కార్పెట్ మూల ఎత్తి ముక్కు దగ్గర పెట్టాము. ఆ వాసన మీలో కొందరికి కూడా తెలుసు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం వైపు మునిగినప్పుడు, మన సంఘం నుండి పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు తీసుకుని వెళ్లాము కదా. నీళ్లు తీశాక ఇళ్లలోకి వెళితే వచ్చిన వాసన అదే. ఈ ఇల్లు ఉన్నది కూడా ఆ వైపే. "బండి షెడ్డులోనే ఉంది, ఎక్కడికీ తిప్పలేదు" అని ఆయన అన్న మాట అబద్ధం కాదు. కదలలేదు గనుకనే మునిగింది.

మునిగిన బండితో వచ్చే చిక్కు వెంటనే కనపడదు. నీళ్లు సిలిండర్లలోకి పోయి ఉండగా స్టార్ట్ చేస్తే, నీళ్లు గాలిలాగా కుదించుకోవు గనుక కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. అది తప్పించుకున్నా, వైర్లు కలిసే చోట్ల రాగికి పచ్చటి చిలుము పట్టడం నెలల తరబడి సాగుతుంది. ఈ రోజు దీపం, వచ్చే నెల ఏసీ మోటారు, వానాకాలంలో ఇంకేదో. అబ్బాయి ఫిబ్రవరిలో కువైట్ వెళ్లిపోతాడు. ఆ బండి, ఆ ఖర్చు పెద్దాయన మీద పడతాయి.

ఇప్పుడు మా తప్పు. మేము బెల్టును వదిలేశాము. అది సర్రున లోపలికి పోయింది. మేము ఏమీ మాట్లాడలేదు.

ఎందుకని మీరు అడగవచ్చు. పెద్దాయన ముఖం చూశాము. ఆయన భార్య పోయిన తరువాత ఆ ముఖంలో అంత వెలుగు మేము చూడలేదు. అబ్బాయి ఎనిమిదేళ్ల కష్టం, తండ్రి కోసం దాచుకున్న కోరిక. ఇంటాయన ఇచ్చిన కాఫీ ఇంకా మా నోట్లో ఉంది. ఆ ముగ్గురి మధ్య ఆ మాట ఎలా అనాలి? "కొంచెం తగ్గించి అడిగితే సరిపోతుందిలే, నాలుగు లక్షలకు వస్తే పరవాలేదు" అని మాకు మేమే చెప్పుకున్నాము. ప్రతి ఆదివారం నిజం మాట్లాడమని మీకు చెప్పే మేము, ఒక సీటు బెల్టు దగ్గర ఆగిపోయాము.

నడిపి చూడటానికి పెద్దాయన బండి తీశారు. అబ్బాయి పక్కన, మేము వెనక. ఇంటాయన రాలేదు. రామవరప్పాడు రింగు దాటి గన్నవరం వైపు వెళ్లాము. పెద్దాయన చేతుల్లో ఆ బండి అంత పెద్దదిగా అనిపించలేదు. స్పీడు బ్రేకరు వస్తే మాకు తెలియకుండానే దాటించేవారు. కొంత దూరం వెళ్లాక ఒక టీ కొట్టు దగ్గర ఆపారు.

టీ తాగుతుండగా, మాకు ఆ గ్లాసు లోపలికి దిగలేదు. ఇంక ఉండబట్టలేక చెప్పాము. "పెద్దాయనా, వెనక బెల్టు లాగి చూశాము. బండి మునిగింది."

ఆయన తల ఎత్తకుండానే, "తలుపు తియ్యగానే తెలిసింది అయ్యగారూ" అన్నారు. "పందొమ్మిదేళ్లు ఆ బండి వాసన పీల్చినోణ్ణి. ఇది ఆ వాసన కాదు."

"మరి చెప్పలేదేం నాన్నా?" అన్నాడు అబ్బాయి.

"ఎలా చెప్పమంటావురా? ఎండలో ఎనిమిదేళ్లు చేసి నాకోసం తెచ్చావు. వద్దంటే నీ మనసు కష్టపెట్టినట్టు కాదా?"

అబ్బాయి కాసేపు ఊరుకుని, గ్లాసు కింద పెట్టాడు. "నేను అడ్రసు చూసినప్పుడే అనుకున్నాను. ఆ వీధి మునిగిన వీడియో కువైట్‌లో నా ఫోన్లోనే చూశాను. మీరు స్టీరింగ్ పట్టుకుని కూర్చుంటే నోరు రాలేదు."

ప్రియులారా, ముగ్గురికీ తెలుసు. ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమ చేత ముగ్గురమూ మౌనంగా ఉన్నాము. ఇంకొక గంట అలాగే ఉండి ఉంటే, ఆ డబ్బు చేతులు మారేది. ఆ తరువాత బండి ఆగిన ప్రతిసారీ తండ్రి కొడుకుకు చెప్పకుండా దాచేవాడు, కొడుకు అక్కడి నుండి అడగడానికి భయపడేవాడు. మనం దీనిని ప్రేమ అనుకుంటాము. ఎదుటివాని ముఖం వాడిపోకూడదని నోరు కట్టుకుంటాము. ఆ వాడిపోవడం ఒక్క పూటతో పోయేది. కట్టుకున్న నోరు మాత్రం ఏళ్ల తరబడి ఇంట్లో బరువుగా కూర్చుంటుంది.

అక్కడే అబ్బాయి ఇంకొక మాట కూడా బయటపెట్టాడు. "కనీసం తిరిగి వెళ్లేటప్పుడన్నా వెనక కూర్చోండి నాన్నా, నేను నడుపుతాను" అన్నాడు. పెద్దాయన నవ్వారు. "వెనక కూర్చుంటే ఇంజను వినపడదురా. నాకెప్పుడూ వెనక సీటు మీద ఆశ లేదు. ఆ బండిలో మంచి సీటు ముందుదే. డాక్టరు గారికి నిద్ర పట్టేది, నాకు బండి నడిచేది." కొడుకు తెల్లబోయి చూశాడు. ఎనిమిదేళ్లు మోసిన కోరిక తండ్రిని ఒక్కసారి అడిగి ఉంటే తెలిసేది.

తిరిగి వచ్చి ఇంటాయనను వరండాలో కూర్చోబెట్టి, బెల్టు సంగతి మేమే చెప్పాము, నెమ్మదిగా. ఆయన కోపపడలేదు. చాలాసేపు నేలవైపు చూశారు. లోపలి నుండి ఆయన భార్య వచ్చి, "డాష్‌బోర్డు దాకా వచ్చాయండీ నీళ్లు" అని, మళ్లీ లోపలికి వెళ్లిపోయారు. అప్పుడు ఆయన మాట్లాడారు. ఫ్రిజ్, బీరువా, మంచాలు, మనవరాలి పుస్తకాలు అన్నీ పోయాయి. పాత బండి గనుక థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే కట్టారు. మునిగిన బండికి అది పైసా ఇవ్వదు. ఇంజను విప్పించి, ఆయిళ్లు మార్పించి, రంగు వేయించి లక్షన్నర దాకా పెట్టారు. "చెబితే ఎవరూ కొనరని చెప్పలేదు" అన్నారు. ఆయన మీద మాకు కోపం రాలేదు. అరగంట ముందు మేము బెల్టును వదిలేసింది కూడా అటువంటి లెక్కతోనే.

"చెప్పి అమ్మండి" అన్నాము. "ధర తగ్గుతుంది. కానీ మునిగిన బండిని బాగుచేయడం తెలిసినవాళ్లు ఆటోనగర్‌లో ఉన్నారు. తెలిసి కొన్నవాడు రేపు మీ గుమ్మంలోకి వచ్చి నిలబడడు." మాకు తెలిసిన ఒక మేస్త్రి నంబరు ఇచ్చాము. ఆయన రెండు లక్షలకు మాకే ఇస్తానన్నారు. అబ్బాయి తండ్రి వైపు చూశాడు. పెద్దాయన వద్దన్నారు. తన భుజం మీది తువ్వాలుతో స్టీరింగ్ తుడిచి, తాళాలు ఆయన చేతిలో పెట్టారు.

కిందటి నెల ఆ ఇంటాయన మాకు ఫోను చేశారు. ఆటోనగర్‌లో ఒకాయన అన్నీ విని, విప్పి చూసుకుని, ఒక లక్షా ఎనభై వేలకు తీసుకున్నారట. "నష్టమే అయ్యగారూ, కానీ ఫోను మోగితే భయం లేదు" అన్నారు.

మీలో ఎవరైనా పాత బండి కొనాలనుకుంటే, అది బెంజ్ అయినా, బొలెరో అయినా, మమ్మల్ని పిలవండి, సంతోషంగా వస్తాము. బెల్టు చివరికంటా లాగుతాము. ఈసారి చూసినది అక్కడే, అప్పుడే చెబుతాము. మీ ముఖం వాడిపోయినా సరే. మీరు కూడా మా విషయంలో ఏదైనా చూస్తే అలాగే చెప్పండి. కువైట్ సహోదరికి ఒక మనవి: అమ్మా, మీరు ఈసారి స్లాబు గురించి అడగకండి. కారు గురించే సూటిగా అడగండి. మాకు కష్టంగా ఉండదు.

అబ్బాయి వెళ్లిపోయాడు. డబ్బు బ్యాంకులోనే ఉంది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దాయన మా దగ్గరకు వచ్చి, రాజమండ్రిలో ఇంకొకటి ఉందట, ఫొటోలు పంపించారు అని ఫోను చూపించారు. బండి ఫొటోల్లో బాగానే ఉంది. ఎప్పుడు వెళదాము అని అడిగాము.

"ఇప్పుడు వద్దండి" అన్నారు. "జూన్ రానివ్వండి. మంచి వాన పడుతున్న రోజు చూసి వెళదాం. ఎక్కడ కారుతుందో అదే చెబుతుంది."